ప్రకృతి వరణమునకు లెక్క కట్టిన హాల్డేన్

చార్లెస్ డార్విన్ 1859లో జాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. అందులో పావురములున్నవి, తేనెటీగలున్నవి, దీవులలోని పక్షులున్నవి, సాక్ష్యములు కుప్పలు తెప్పలుగా నున్నవి. లెక్క మాత్రము లేదు. తోడి ప్రాణికంటె ఏ కొంచెము మేలు లక్షణమున్నను ఆ ప్రాణి ఎక్కువ సంతానమును మిగిల్చిపోవుననియు, తరతరములకు ఆ లక్షణము జాతియందంతట వ్యాపించుననియు ఆయన చెప్పెను. దీనికే ప్రకృతి వరణమని పేరు. అయితే ఎంత మేలున్నచో ఎన్ని తరములకు వ్యాపించును? ఈ ప్రశ్నకు డార్విన్ యొద్ద సమాధానము లేదు. ఉండుటకు వీలును లేదు. తలిదండ్రుల లక్షణములు బిడ్డలయందు పాలును నీళ్ళును వలె కలిసిపోవునని ఆ కాలపు వారందరి వలెనే ఆయనయు తలచెను. అదియే నిజమైనచో క్రొత్తగా పుట్టిన మేలు గుణము బిడ్డలలో సగమై, మనుమలలో పాతికయై, పది తరములలో ఆనవాలు లేకుండ పోవలెను గదా! 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అను ఇంజనీరు ఈ ఆక్షేపణనే తెచ్చెను. డార్విన్ దానికి తృప్తికరమైన బదులు చెప్పలేకపోయెను.

బదులు అప్పటికే మొరేవియాలో ఒక మఠపు తోటయందు దొరకియున్నది. బటానీ మొక్కలను పెంచి గ్రెగొర్ మెండెల్ 1866లో ప్రకటించిన వ్యాసము ప్రకారము లక్షణములను మోయు కణికలు పాలు నీళ్ళ వంటివి గావు, గింజల వంటివి. రెండు రాసులను కలిపినను ఏ గింజ కా గింజయే, కరగిపోదు. మూడు దశాబ్దములకు పైగా ఎవరును పట్టించుకొనని ఆ వ్యాసము 1900లో మరల వెలుగునకు వచ్చెను. వచ్చిన వెంటనే డార్విన్ పక్షమునకు బలము చేకూరియుండవలసినది. జరిగినది వేరు. మెండెల్ పక్షమువారు పరిణామము పెద్ద గంతులలో జరుగుననియు, ప్రకృతి వరణమునకు అందు చేయవలసిన పని స్వల్పమనియు వాదించిరి. డార్విన్ పక్షమున నిలిచిన కొలతల శాస్త్రజ్ఞులు మెండెల్ సూత్రములకు అంత ప్రాధాన్యము లేదనిరి. ఇరుపక్షములును దాదాపు ఇరువది సంవత్సరములు పోట్లాడుకొనెను. ఈ జగడమును తీర్చినవారు ముగ్గురు: ఇంగ్లండులో రొనాల్డ్ ఫిషర్, అమెరికాలో సూయల్ రైట్, మూడవవాడు జె. బి. ఎస్. హాల్డేన్. ఈ మూడవవాని జీవితపు చివరి పుట మన కోస్తాలో ముగిసినది.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరిని గూర్చి జీవితమంతయు పరిశోధించిన శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గుగనులలో కూలివాండ్రు ఏ వాయువు వలన చచ్చుచున్నారో తెలిసికొనుటకు ఆయన తానే గనులలోనికి దిగి ఆ వాయువులను పీల్చి చూచెడివాడు. కుమారుని గూడ వెంట దింపెడివాడు. ఒకనాడు గనిలో ఒకచోట పిల్లవానిని నిలువబెట్టి షేక్స్పియరు నాటకమునందలి ఆంటోనీ ప్రసంగమును అప్పగించుమనెను. కొంతసేపటికి పిల్లవానికి ఊపిరాడలేదు. కాళ్ళు తేలిపోయి క్రింద పడెను. పడిన చోట గాలి బాగుగనే యుండెను, తెప్పరిల్లెను. గనులలో పుట్టు మీథేన్ వాయువు గాలికంటె తేలికయైనదనియు, అది కప్పు క్రిందనే చేరుననియు ఆ బాలునకు ఇట్లు పాఠమయ్యెను. ఇట్టి బోధనా పద్ధతిని నేటి ఉపాధ్యాయులు అనుసరించినచో తలిదండ్రులు ఊరకుండరు గాని, ఆ పిల్లవాడు మాత్రము దానిని మరువలేదు. తెలియని సంగతిని తెలిసికొనవలెనన్నచో ముందుగా తన దేహమునే పణముగా పెట్టవలెనను నియమము ఆయనకు తండ్రి నుండి సంక్రమించినది.

మెండెల్ సూత్రములను గూర్చి ఆయన మొదట విన్నది 1901లో, తొమ్మిదవ యేట, తండ్రి వెంట వెళ్ళిన ఒక ఉపన్యాసములో. కొన్ని సంవత్సరములకు చెల్లెలు నయోమీయు తానును కలిసి ఇంటి పచ్చికలో గినీపందులను వందలకొలది పెంచి, ఏ రంగు పిల్ల ఏ రంగు తల్లికి పుట్టినదో లెక్కలు వ్రాయ మొదలిడిరి. ఈ చెల్లెలే పిమ్మట నయోమీ మిచిసన్ అను పేర ప్రసిద్ధ నవలారచయిత్రి అయినది. గినీపందుల తరువాత చుంచెలుకలు వచ్చినవి. రెండు జన్యువులు ఒకదానితో నొకటి ముడిపడి కలిసియే సంక్రమించుట పాలిచ్చు జంతువులలోను కలదని అన్నాచెల్లెండ్రును, స్ప్రంట్ అను మిత్రుడును కనుగొనిరి. ఆ వ్యాసము 1915లో అచ్చైనది. అప్పటికి అన్న ఫ్రాన్సులో కందకములలో నుండెను. మిత్రుడు ఆ యేడే యుద్ధములో హతుడయ్యెను.

హాల్డేన్‌కు విజ్ఞానశాస్త్రములో పట్టము లేదు. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోను ఆయన చదివినది గణితము, ఆ మీదట గ్రీకు లాటిను భాషలు, తత్త్వశాస్త్రము. 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైన వెంటనే యుద్ధము వచ్చెను. సైన్యములో చేరి ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను పోరాడెను. యుద్ధము తనకు నచ్చినదని ఆయన దాచక చెప్పుకొనెను. అది మనకు మెచ్చుకొనదగిన మాట గాదు. మెసపొటేమియాలో గాయపడగా చికిత్స కొఱకు ఆయనను భారతదేశమునకు పంపిరి. ఈ దేశమును అప్పుడు మొదటిసారి చూచెను. పాలకుడుగా గాక ఇచ్చటివారితో సమానుడుగా మెలగగలిగిన నాడే మరల రావలెనని అప్పుడే నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము నెరవేరుటకు నలుబది సంవత్సరములు పట్టినది.

యుద్ధము ముగిసిన పిదప కొంతకాలము ఆక్స్‌ఫర్డులో శరీరధర్మ శాస్త్రమును బోధించెను. రక్తములో ఆమ్లము పెరిగినచో దేహము ఎట్లు ప్రవర్తించునో చూచుటకు నవాసారమును నీళ్ళలో కలిపి త్రాగి, రోజుల తరబడి కుక్క వలె రొప్పెను. 1923లో కేంబ్రిడ్జిలో హాప్కిన్స్ ఆచార్యుని క్రింద జీవరసాయనశాస్త్ర బోధకుడుగా చేరెను. అచట ఒక వివాహిత స్త్రీని ప్రేమించి, ఆమె విడాకుల వ్యవహారములో చిక్కుకొనగా విశ్వవిద్యాలయము ఉద్యోగమునుండి తొలగించెను. ఆయన పై విచారణకు పోయి గెలిచి 1926లో ఆమెనే పెండ్లాడెను. ఆ సంగతి అంతటితో చాలును. మనకు కావలసినది 1924లో ఆయన మొదలుపెట్టిన వ్యాసమాల. ప్రకృతి వరణమునకు గణిత సిద్ధాంతమును నిర్మించుచు 1934 వఱకు పది భాగములుగా ఆయన దానిని ప్రకటించెను.

ఆ లెక్క యెట్టిదో కొంచెము చూతము. ఒక జాతిలో రెండు రకములున్నవనుకొనుడు. ఒక రకము వేయి పిల్లలను మిగిల్చిపోవునపుడు రెండవది తొమ్మిదివందల తొంబదితొమ్మిదింటిని మిగిల్చినది. తేడా వేయికి ఒకటి. కంటితో చూచి ఈ తేడాను ఎవరును పట్టలేరు. మేలు చేయు జన్యువు బహిర్గతమైనచో, అనగా జంటలో ఒకటియున్నను లక్షణము పైకి కనబడునట్టిదైనచో, ఆ లక్షణము గల ప్రాణులు జాతిలో నూటికి ఒకటి నుండి నూటికి ఏబదికి చేరుటకు 4,819 తరములు పట్టును. ఏబది నుండి తొంబదితొమ్మిదికి చేరుటకు మఱి 11,664 తరములు. ఏటికొక తరము చొప్పున చూచినను మొత్తము పదునారున్నర వేల సంవత్సరములు. మన రాజవంశముల చరిత్రతో పోల్చిన ఇది అంతులేని కాలము. భూమి పొరల చరిత్రలో రెప్పపాటు. ఎవరికిని కనబడనంత చిన్న మేలు గూడ ఒక జాతి రూపమును మార్చివేయగలదని ఇట్లు రుజువయ్యెను. డార్విన్ ఊహించినదానికి కాలపరిమాణము దొరకినది.

అదే లెక్క రెండవ వైపున మఱియొక సంగతిని బయటపెట్టినది. తొంబదితొమ్మిది నుండి లక్షకు ఒక్కటి మాత్రమే మిగులు వఱకు పోవుటకు 3,09,780 తరములు పట్టును! కారణమేమి? ఓడిపోవుచున్న జన్యువు అరుదైనకొలది అది జంటలో ఒంటరిగనే యుండును, పైకి కనబడదు, కనబడనిదానిని ప్రకృతి వరణము ఏరివేయలేదు. ఇది వట్టి గణితమని కొట్టివేయరాదు. ఆ దినములలో ఐరోపాలోను అమెరికాలోను లోపములు గల మనుష్యులను సంతానహీనులుగా చేసి జాతిని శుద్ధి చేయవలెనని గొప్పగొప్పవారు పలుకుచుండిరి; జర్మనీలో హిట్లరు ప్రభుత్వము 1933లో దానికి శాసనమే చేసెను. పదివేలమందికి ఒక్కరియందు కనబడు అంతర్గత లోపమును తీసికొనుడు. ఆ లోపము గలవారిలో ఒక్కరికిని సంతానము లేకుండ చేసినను, ఆ జన్యువు సగమునకు తగ్గుటకు నూరు తరములు కావలెను. అనగా రెండున్నర వేల సంవత్సరములు. ఇట్టి చట్టములు క్రూరములే గాక నిరర్థకములని హాల్డేన్ 1938లో అనువంశికతకును రాజకీయములకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను.

సిద్ధాంతము సరే, అది నిజముగ ప్రకృతిలో జరుగుచున్నదా? 1924 నాటి మొదటి వ్యాసములోనే ఆయన ఒక ఉదాహరణము నెత్తుకొనెను. ఇంగ్లండులో ఒక జాతి దీపపు పురుగు గలదు. తెల్లని ఱెక్కలపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలుండును. పగలు చెట్టు బెరడును కరచుకొని యుండును. 1848లో మాంచెస్టరు నగరము దగ్గర ఈ జాతిలో నల్లని పురుగొకటి కనబడెను. ఆ కాలమున మిల్లుల పొగ చేత ఆ ప్రాంతమున చెట్లన్నియు నల్లబడుచుండెను. శతాబ్దము ముగియునప్పటికి అచట తెల్లనివి దాదాపు మాయమై నల్లనివే మిగిలినవి. ఏటికొక తరము, సుమారు ఏబది తరములలో నూటికొకటి తొంబదితొమ్మిది యయ్యెను. దీనిని తన సూత్రములో పెట్టి హాల్డేన్ తేల్చినదేమనగా, తెల్లని పురుగు రెండు పిల్లలను మిగిల్చినచోట నల్లనిది మూడింటిని మిగిల్చియుండవలెను. వేయికి ఒకటి గాదు, రెండింటికి మూడు! ప్రకృతి వరణమునకు ఇంత ఉధృతి యుండునని ఆనాడు నమ్మినవారు బహు కొద్దిమంది. అడవిలోనికి పోయి పరీక్షించినవారు లేరు.

దాదాపు ముప్పది సంవత్సరములకు, 1953లో, బెర్నార్డ్ కెటిల్‌వెల్ అను శాస్త్రవేత్త బర్మింగ్‌హాము దగ్గర పొగబారిన అడవిలో రెండు రకముల పురుగులకును గుర్తులు పెట్టి విడిచి, మరల పట్టెను. నల్లనివి తెల్లనివాటికి రెండింతల పాలు చిక్కినవి. తక్కినవానిలో కొన్ని పక్షుల పాలైనవి. 1955లో పొగ సోకని డార్సెట్ అడవిలో ఫలితము తలక్రిందులయ్యెను. ఆయన పద్ధతిలో లోపములున్నవని పిమ్మట కొందరు ఎత్తిచూపిరి. ఆ లోపములను సవరించి మైకేల్ మజెరస్ 2001 నుండి 2007 వఱకు కేంబ్రిడ్జి దగ్గర వేలకొలది పురుగులతో మరల ప్రయోగము చేసెను. పక్షులే ఏరుచున్నవని తేలెను. 1956లో ఇంగ్లండులో పొగను నియంత్రించు శాసనము వచ్చిన తరువాత చెట్లు తెల్లబడినకొలది నల్లని పురుగులు తగ్గుచు వచ్చి నేడు అరుదైనవి. వాటిని నల్లగా చేసిన జన్యుమార్పు ఏదియో 2016లో పట్టుబడినది. లెక్క ముందు, సాక్ష్యము వెనుక. ఖగోళశాస్త్రములో ఇట్టివి పరిపాటి గాని జీవశాస్త్రములో అంత తరచుగా జరుగవు.

1930లో ఫిషర్, 1931లో రైట్, 1932లో పరిణామ కారణములను గూర్చి హాల్డేన్ తమతమ రచనలను ప్రకటించిరి. మెండెల్ గింజలు లేనిదే డార్విన్ వరణము నిలువదనియు, డార్విన్ వరణము లేనిదే మెండెల్ గింజలకు చరిత్ర లేదనియు ఈ రచనల తరువాత సందేహము మిగులలేదు. నేడు పాఠ్యపుస్తకములలో మనము చెప్పుచున్న పరిణామ సిద్ధాంతము ఈ కలయికయే. హాల్డేన్ 1933లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడుగా చేరి, ఇరువది నాలుగు సంవత్సరములు అచటనే యుండెను. మనుష్యునియందు ఒక జన్యువు ఎంత తరచుగా మారునో మొట్టమొదట అంచనా కట్టినది ఆయనయే. గాయమైనచో రక్తము గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిని ఆధారముగా గొని 1935లో ఆ పని చేసెను.

ఆ గదిలో ఆయనను కూర్చుండనిచ్చిన కాలము గాదది. స్పెయినులో అంతర్యుద్ధము రాగా బాంబులనుండియు విషవాయువులనుండియు ప్రజలను కాపాడు మార్గము చెప్పుటకు మూడుసార్లు వెళ్ళెను. 1939 జూన్ 1న థీటిస్ అను క్రొత్త జలాంతర్గామి లివర్‌పూల్ సమీపమున మునిగి 99 మంది చనిపోయిరి. ఎట్లు చనిపోయిరో తెలియుటకు హాల్డేన్ మఱి నలుగురితో ఉక్కుగదిలో తలుపు బిగించుకొని పద్నాలుగు గంటలకు పైగా కూర్చుండెను. మహాయుద్ధములో నావికాదళము కొఱకు ఇట్టి ప్రయోగములనే ఎన్నియో చేసెను. గాలి ఒత్తిడికి చెవిపొర చిల్లుపడెను. మూర్ఛ వచ్చి వెన్నుపూసలు దెబ్బతినెను. ఆ నొప్పి చచ్చునంతవఱకు విడువలేదు. చిల్లుపడిన చెవిలోనుండి చుట్టపొగ వదలి మిత్రులను నవ్వించెడివాడని చెప్పుదురు.

ఇంతటి ధీరుని జీవితములో చెప్పక తప్పని ఘట్టమొకటి గలదు. ఆయన కమ్యూనిస్టు. 1942లో ఆ పక్షమున బహిరంగముగ చేరెను. పక్షపు దినపత్రికలో సామాన్యులకు సైన్సును బోధించుచు మూడువందలకు పైగా వ్యాసములు వ్రాసెను. అవి నేటికిని చదువదగినవి. అప్పుడు రష్యాలో లైసెంకో అనువాడు మెండెల్ జన్యువులన్నియు బూర్జువా కల్పనలనియు, పైరును పెంచిన తీరును బట్టియే దాని వంశగుణమును మార్చవచ్చుననియు ప్రచారము చేసి ప్రభుత్వపు అండను సంపాదించెను. జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగములను, కొందరు ప్రాణములను పోగొట్టుకొనిరి. 1928లో హాల్డేన్‌ను ఆహ్వానించి రష్యాను చూపిన నికొలాయ్ వావిలోవ్ ప్రపంచపు నలుమూలలనుండి విత్తనములను సేకరించిన మహానుభావుడు. ఆయన 1943లో సరాటోవ్ చెరసాలలో ప్రాణము విడిచెను. 1948 ఆగస్టులో లైసెంకో వాదమే అధికార వాదమని అచటి వ్యవసాయ శాస్త్ర పరిషత్తు ప్రకటించెను.

హాల్డేన్ ఏమనవలెను? తన జీవితపు పనియంతయు అబద్ధమనిన మనిషిని ఖండింపవలసినవాడు. రేడియోలో మాటలాడ పిలిచినపుడు ఆయన అటునిటుగా మాటలాడెను. లైసెంకో చెప్పినదానిలో కొంత నిజముండవచ్చుననెను, తొందరపడి తీర్పు చెప్పరాదనెను. తన శాస్త్రవ్యాసములలో మాత్రము ఒక్క సమీకరణమునైనను లైసెంకో కొఱకు వంచలేదు. 1950 ప్రాంతమున చప్పుడు లేకుండ పక్షమునుండి తప్పుకొనెను. అభిమానులు దీనికి పలు సమాధానములు చెప్పుదురు. పక్షమును శత్రువుల యెదుట విడువరాదని భావించెనందురు. కావచ్చును. అయినను, విషవాయువు నెదుట వెనుదీయని మనిషి ఒక్క మాట యెదుట వెనుదీసెనని చెప్పక తప్పదు. వావిలోవ్ వంటి స్నేహితుని పక్షమున ఆ మాట చెప్పవలసియుండెను.

విచిత్రమేమనగా, ఆయన చేసిన మిక్కిలి లోతైన ఊహ ఆ యేడే వెలువడినది. థలసీమియా అను రక్తవ్యాధి మధ్యధరా సముద్ర తీరవాసులలో ఎక్కువ. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు చెడు జన్యువులు వచ్చిన బిడ్డ ఆ కాలమున బ్రదుకుట అరుదు. ఇట్లు తరతరమునను చచ్చుచుండగా ఆ జన్యువు ఏల నశింపలేదు? క్రొత్తక్రొత్తగా పుట్టుచున్నదని అమెరికా శాస్త్రజ్ఞులనిరి. అంత వేగముగ పుట్టుట అసాధ్యమని హాల్డేన్‌కు తన 1935 నాటి లెక్క వలన తెలియును. 1948లో స్టాక్‌హోమ్ సభలో ఆయన వేరు కారణము సూచించెను: ఆ జన్యువు ఒక్కటి మాత్రమే గలవారి ఎర్రకణములు మలేరియా క్రిమికి లొంగకపోవచ్చును, కావున దోమలున్న సీమలలో వారు తక్కినవారికంటె ఎక్కువగ బ్రదికి బిడ్డలను కనుచుందురు. రెండు జన్యువుల బిడ్డను చంపుచున్నదియు, ఒక జన్యువు గల బిడ్డను కాపాడుచున్నదియు ఆ యొక్కటియే. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఎర్రకణములు కొడవలి రూపము దాల్చు వ్యాధి విషయములో ఇది నిజమని చూపెను.

ఈ కొడవలి కణ వ్యాధి మనకు దూరపుది గాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలో గలదు. దాని నిర్మూలనమునకు భారత ప్రభుత్వము 2023లో దేశవ్యాప్త కార్యక్రమమును ప్రారంభించినది. ఏజెన్సీ పాఠశాలలో ఒక పిల్లవాడు కీళ్ళనొప్పులతో తరగతికి రాలేకపోయినచో, అది ఆ కుటుంబపు పాపమును గాదు, శాపమును గాదు. వేలయేండ్లుగా ఆ అడవులలో మలేరియాతో పోరాడి బ్రదికిన పూర్వుల రక్షాకవచమే ఆ బిడ్డకు రెండుమారులు వచ్చి బరువైనది.

1957లో హాల్డేన్ తనకు ద్వితీయ కళత్రమైన హెలెన్ స్పర్వేతో కలకత్తాకు వచ్చెను. పిలిచినవాడు భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన మహలనోబిస్. సూయెజ్ కాలువపై బ్రిటను దండెత్తినందుకు ఆ దేశమునందుండ నిచ్చగింపక వచ్చితినని హాల్డేన్ చెప్పెను. ధోవతి లాల్చీ ధరించెను, మాంసము విడిచెను, 1961లో భారత పౌరుడయ్యెను. ఆ యేడే ప్రకృతి వరణము చెల్లించు వెలను గూర్చి మఱియొక పెద్ద వ్యాసము వెలువడినదని చెప్పుట పొరపాటగును. అది ఆయన వచ్చిన 1957 నాటిది. ఒక జన్యువు స్థానమున వేరొకటి పూర్తిగ నెలకొనుటకు సుమారు మూడువందల తరములు కావలెనని అందు లెక్క కట్టెను. ఈ లెక్కనే పట్టుకొని జపాను శాస్త్రజ్ఞుడు మోటో కిమురా 1968లో, అణువుల స్థాయిలో జరుగు మార్పులలో ఎక్కువ భాగము మేలును గాక కీడును గాక తటస్థములై యుండునని వాదించెను. అది నేటి పరిణామశాస్త్రములో ఒక ముఖ్యభాగమైనది.

ఇచట ఖరీదైన యంత్రములు లేవని ఆయన విచారింపలేదు. కన్ను, చేయి, ఒక నోటుపుస్తకము చాలుననెడివాడు. ప్రాణిని చంపి కోసి చూచుటకంటె బ్రదికియుండగా గమనించుటయే ఈ దేశమునకు తగిన జీవశాస్త్రమని ఆయన అభిప్రాయము. శిష్యులలో రాయ్ పారిజాతపు పువ్వుల రేకులను లెక్కించెను. డేవిస్ కొబ్బరిచెట్ల మట్టలు కొన్నింటికి కుడివైపును, కొన్నింటికి ఎడమవైపును మెలిదిరిగి యుండుటను పరిశీలించెను. ఆంధ్రుడైన ద్రోణంరాజు కృష్ణ లాంటానా పొదల దగ్గర నిలిచి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుపై వ్రాలునో వ్రాసికొనెను. ఈ కృష్ణయే మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికపు వివాహముల సంఖ్యను, ఫలితములను పరిశోధించి 1963లో ప్రకటించెను. మేనబావ మేనమరదలు పెండ్లాడినచో, బిడ్డకు ఒక జన్యుస్థానమున పూర్వుని యందలి ఒకే జన్యువు రెండువైపులనుండియు వచ్చు అవకాశము పదునారింట ఒకవంతు. మేనమామ అక్కకూతురిని పెండ్లాడినచో ఎనిమిదింట ఒకవంతు. అరుదైన అంతర్గత లోపములు ఇట్టి కుటుంబములలో బయటపడుటకు ఇదియే కారణము. ఐరోపాలో మేనమామ వివాహములు దాదాపు లేనందున ఇట్టి పరిశోధన మనదేశమునందే సాధ్యమని హాల్డేన్ గ్రహించెను.

కలకత్తాలో అధికారుల పద్ధతులతో ఆయనకు పొసగలేదు. 1961లో రాజీనామా చేసెను. ఆయన కోపిష్ఠి, తప్పంతయు ఎదుటివారిదే యని అనలేము. 1962లో ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆహ్వానింపగా భువనేశ్వరములో జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. మరుసటి యేడు అమెరికాలో జీవోత్పత్తిని గూర్చిన సభకు వెళ్ళినపుడు వ్యాధి బయటపడెను: పురీషనాళమున క్యాన్సరు. లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రి మంచముపైనుండియే ఆ రోగముపై హాస్యపు పద్యము వ్రాసి ఒక వారపత్రికకు పంపెను. సిగ్గుపడి జాగు చేయక వైద్యుని యొద్దకు పొండని అందలి హితవు. కొందరు పాఠకులు నొచ్చుకొనిరి. ఎందరు వేళకు వైద్యుని చూచిరో ఎవరు లెక్కింపగలరు?

వ్యాధి తిరుగబెట్టినది. 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో హాల్డేన్ మరణించెను. హెలెన్ స్పర్వే పిమ్మట హైదరాబాదులో నివసించి 1978లో కన్నుమూసెను. బ్రదికినన్నాళ్ళు పరిశోధనకు వాడిన దేహము చచ్చిన తరువాతను అందుకే వాడబడవలెనని హాల్డేన్ వీలునామా వ్రాసియుండెను. అందుకు ఆయన పేర్కొన్నది కాకినాడలో 1958లో వెలసిన రంగరాయ వైద్య కళాశాలను. దేహమును అచటికి తెచ్చిరి. వైద్యవిద్య కొఱకు దానిని వినియోగించి, ఎముకల గూడును, కొన్ని అవయవములను ఆ కళాశాలలోనే భద్రపరచిరి.